మూడు ముక్కల్లో భవిష్యత్తు

భిలాయిలో ఇల్లు కదలకుండా టారో ముక్కలు పరిచి నాలుగు డబ్బులు కళ్లజూద్దామనుకునే కొత్తవాళ్ల కోసం రాస్తున్న సలహాలివి. స్టీలు ప్లాంటులో రిటైరై ఏం తోచనివాళ్లు, పిల్లలు పుణేకో బెంగళూరుకో వెళ్లిపోయాక మధ్యాహ్నాలు గడవనివాళ్లు, ఇంజనీరింగ్ చదివి కాల్ లెటర్ కోసం ఎదురుచూస్తున్నవాళ్లు, అందరూ పనికొస్తారు. అర్హతంటూ ఏమీ అక్కర్లేదు. ప్లాంటులో అప్రెంటిస్‌గా చేరాలంటే ఐటీఐ సర్టిఫికెట్ అడుగుతారు. ప్లాంటు బోరియా గేటు దాటాలంటే గేట్ పాస్ అడుగుతారు. ఒక మనిషి రేపటి గురించి మాట్లాడ్డానికి మాత్రం ఏ కాగితమూ అడిగేవాడు లేడు.

ముందు డెక్ కొనండి. మొత్తం 78 ముక్కలు. ఆన్‌లైన్‌లో ఆర్డరు పెడితే ఇంటికే వస్తుంది. పెట్టెలో ముక్కలతోపాటు వేలెడంత పుస్తకం కూడా ఉంటుంది. దాన్ని తీసి అటక మీద పడెయ్యండి. అందులో ఒక్కో ముక్కకి ఐదారు అర్థాలు, తలకిందులుగా పడితే ఇంకో ఐదారు అర్థాలు రాసి ఉంటాయి. అవన్నీ చదివారంటే మీకు అనుమానాలు మొదలవుతాయి. అనుమానమున్నవాళ్లు నెమ్మదిగా మాట్లాడతారు, "అయ్యుండొచ్చు" అంటారు, "మీకేమనిపిస్తోంది" అని ఎదుటివాళ్లనే అడుగుతారు. అలాంటివాళ్ల బల్ల ముందు రెండోసారి ఎవరూ కూర్చోరు.

ఈ ముక్కలు ఎక్కడివని అడిగితే ఈజిప్టు అనండి. పిరమిడ్లు, పూజారులు, రాతి గోడల మీద రహస్యాలు. ఈ అబద్ధం మీరు కొత్తగా ఆడేది కాదు, దీనికి రెండువందల ఏళ్ల పైబడిన చరిత్ర ఉంది. 1781లో పారిస్‌లో ఆంత్వాన్ కూర్ ద జెబెలాన్ అనే పండితుడు టారో అంటే ఈజిప్టు పూజారుల గ్రంథమేనని తన పుస్తకంలో రాసేశాడు. అప్పటికి యూరప్‌లో ఈజిప్టు బొమ్మల లిపి చదవగలిగినవాడు ఒక్కడూ లేడు. 1822లో షాంపోలియన్ ఆ లిపి గుట్టు విప్పాడు. విప్పినా అందులో టారో ఊసు ఎక్కడా దొరకలేదు. దానివల్ల జెబెలాన్ మాటకొచ్చిన లోటేమీ లేదు, ఇవాళ్టికీ అదే నడుస్తోంది.

నిజం ఏమిటంటే, మన మధ్య ఉండనివ్వండి, ఇది పేకాట. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో, మిలాన్ ప్రభువుల ఇళ్లలో బంగారు రేకులు అద్దిన ముక్కలతో ఆడుకున్న ఆట. ఇప్పుడు మనం మేజర్ ఆర్కానా అని గొంతు తగ్గించి చెప్పే 22 ముక్కలూ ఆ ఆటలో తురుపు ముక్కలు. మిగతా 56 మనకు తెలిసిన పేకలాంటివే, నాలుగు రంగులు: కర్రలు, కలశాలు, కత్తులు, నాణేలు. రాజు, రాణి, జాకీలకు తోడు ఒక గుర్రపు రౌతు ఎక్కువ. దీంతో జోస్యం చెప్పడం ఒక ధోరణిగా పెరిగింది 18వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో. ఈ సంగతి మాత్రం ఎక్కడా బయటపెట్టకండి. ఇంట్లో పేకముక్కలుంటే లక్ష్మి నిలవదనే అత్తగార్లే రేపు మీ దగ్గరకు రాబోయేవాళ్లు.

పేరు మార్చుకోవడం కూడా ఆ ఫ్రాన్స్ వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి. అలియెట్ అనే పారిస్ వ్యాపారి తన పేరును వెనకనుంచి రాసుకుని ఎత్తెయ్యా అయ్యాడు. ముక్కలతో జోస్యం చెప్పడం గురించి పుస్తకాలు అచ్చువేసి పేరు పొందాడు. మన పేర్లు వెనకనుంచి చదివితే నోరు తిరగదు. అప్పలనరసమ్మగారు "అన్యా" అని బోర్డు పెట్టుకుంటే చాలు.

ఇప్పుడు అందరి చేతుల్లో ఉన్న బొమ్మలు 1909లో లండన్‌లో రైడర్ కంపెనీ వేసినవి. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ చెబుతుంటే పమేలా కోల్మన్ స్మిత్ గీసింది. అంతకుముందు చాలా డెక్కుల్లో చిన్న ముక్కల మీద ఐదు కత్తులో ఏడు కలశాలో లెక్కకు ఉండేవి, అంతే. ఆమె ఆ చిన్న ముక్కల్లో చాలావాటిలోకి మనుషుల్ని తీసుకొచ్చింది. తొమ్మిది కత్తుల కింద మంచం మీద లేచి కూర్చుని మొహం చేతుల్లో దాచుకున్న మనిషి, ఒలికిపోయిన మూడు కలశాల వంక చూస్తూ వెనకున్న రెండింటిని చూడని మనిషి. ఆమెకు దక్కింది కొద్దిపాటి సొమ్ము. డెక్ మీద ఏళ్ల తరబడి రైడర్, వెయిట్ పేర్లే వాడుకలో ఉన్నాయి, ఆమె 1951లో అప్పులు మిగిల్చి పోయింది. పుస్తకం లేకపోయినా ఆ బొమ్మల్ని ఓపిగ్గా చూస్తే సగం టారో వచ్చేస్తుందని పాతకాపులు అంటారు. వాళ్ల మాట పట్టించుకోకండి. మీరు చూడాల్సింది బొమ్మని కాదు, ఎదురుగా కూర్చున్నవాళ్ల మొహాన్ని.

అందుకు భిలాయిని మించిన ఊరు లేదు. దేవుణ్ణి నమ్మని రష్యావాళ్లు వచ్చి వేసిన ఊరు కదా, ఇక్కడ ఇవన్నీ చెల్లుతాయా అని సంకోచించకండి. 1955లో ప్లాంటు కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందమైంది, 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించారు, అంతవరకు శాస్త్రమే. కానీ 2018లో మొదలైన ఎనిమిదో ఫర్నేసు పేరు మహామాయ. కొలిమికే అమ్మవారి పేరు పెట్టుకున్న ఊళ్లో కొలిమి దగ్గర పనిచేసేవాడి ఇంట్లోవాళ్లు మీ ముక్కల్ని నమ్మరా?

పైగా మనవాళ్లకు కొదవ లేదు. ప్లాంటు కట్టే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలెక్కి వచ్చినవాళ్లు మూడో తరానికి వచ్చారు. ఖుర్సీపార్‌లో వీధికి వీధి తెలుగు వినిపిస్తుంది. సెక్టార్ 5 బాలాజీ గుడి ముందు శనివారం సాయంత్రం ఒక గంట నిలబడితే మీకు కావలసిన సమాచారం అంతా చెవిన పడుతుంది: ఎవరి అబ్బాయికి సంబంధం తప్పిపోయింది, ఎవరి వియ్యంకుడు మాట తప్పాడు, ఎవరి తమ్ముడు పలాసలో ఇంటిస్థలం రాయించేసుకున్నాడు. ఇదివరకు ఊరి కబురు రావడానికి ఒక రాత్రి ప్రయాణం పట్టేది. 2024 సెప్టెంబరులో దుర్గ్-విశాఖ వందే భారత్ వేశాక ఉదయం వెళ్లినవాళ్లు కబుర్లతో రాత్రికి తిరిగి దిగుతున్నారు. గుడిలో విన్నది మంగళవారం బల్ల దగ్గర ముక్కలో చూసి చెప్పండి. "ఈమెకెలా తెలిసిందమ్మా" అని వాళ్లే ఊరంతా చెబుతారు.

మీ పనిని సోది అనకండి, జోస్యం అనకండి. గద్దె చెప్పే ఎరుకలసానికి ఒక గంపెడు బియ్యం, ఒక పాత చీర ఇచ్చి పంపే జనం "ఎనర్జీ రీడింగ్" అంటే ఫోన్ తీసి క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తారు. చిలక జోస్యం వాడి దగ్గర ముక్క చిలక తీస్తుంది, మీ దగ్గర వచ్చినవాళ్లే తీస్తారు. మీకు చిలకను పెంచే ఖర్చు కూడా లేదు. హిందీవాళ్ల ఇళ్లలో రామచరితమానస్ పుస్తకంలో రామశలాక అని ఒక గళ్ల పటం ఉంటుంది, కళ్లు మూసుకుని ఒక గడి మీద వేలు పెట్టి అక్షరాలు కూర్చుకుంటే జవాబు వస్తుంది. అది పైసా ఖర్చులేనిది, అందుకే దానికి విలువ లేదు. మీరు మాత్రం సుపేలా ఆదివారం సంతలో గజం నల్ల ముఖమల్ గుడ్డ కొని బల్ల మీద పరవండి.

ఇక ముక్కలు పరవడం. కొత్తవాళ్లకు మూడు ముక్కల పద్ధతి చెబుతారు: ఎడమది గడిచింది, మధ్యది ఇప్పటిది, కుడిది రాబోయేది. తేలికే. కానీ దీన్ని ఎలా చదవకూడదో ఒక ఉదాహరణతో చూపిస్తాను, జాగ్రత్తగా వినండి.

ఖుర్సీపార్ నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. కొడుకు ఐటీఐ ఫిట్టరు, అప్రెంటిస్ పూర్తయ్యింది, ఠేకేదారు దగ్గర రోజుకూలీకి వెళుతున్నాడు. "మా వోడికి ప్లాంటు ఉజ్జోగం వొస్తాదా రాదా, అది సెప్పమ్మా" అంది. ముక్కలు తీసింది. మొదటిది ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్: ఒక కుర్రాడు బల్ల మీద కూర్చుని సుత్తీ ఉలీ పట్టుకుని నాణేలు చెక్కుతుంటాడు. రెండోది హ్యాంగ్డ్ మ్యాన్: ఒక్క కాలికి కట్టి తలకిందులుగా వేలాడుతున్నవాడు, అయినా మొహం ప్రశాంతంగా ఉంటుంది, తల చుట్టూ వెలుగు. మూడోది సిక్స్ ఆఫ్ స్వోర్డ్స్: ఒకాయన పడవ నడుపుతుంటే ముసుగేసుకున్న ఒక మనిషి, పక్కన ఒక పిల్ల అవతలి ఒడ్డుకు వెళుతుంటారు, పడవలో ఆరు కత్తులు గుచ్చి ఉంటాయి.

పుస్తకం చదువుకున్నవాళ్లయితే ఇలా మొదలెడతారు: "మీవాడు పని నేర్చుకున్నాడు పిన్నీ. ఇప్పుడు ఆగి చూడాల్సి వచ్చింది, అది వాడి తప్పు కాదు. ఈ పడవ చూడు. ఇందులో ఉన్నది ఎవరనిపిస్తోంది నీకు?" ఆవిడ కాసేపు ఆ పడవ వంక చూస్తుంది. "ఆడు ఇశాపట్నం ఎల్తానంటన్నాడమ్మా. ఆడి స్నేయితుడు ఉన్నాడక్కడ. నానే ఒద్దన్నాను, ఒక్కగానొక్కడు" అంటుంది. అని ఊరుకుంటుంది. తర్వాత ఇంకో రెండు మాటలు మాట్లాడుకుని, చీర కొంగు సర్దుకుని, కొడుకుతో మాట్లాడతానని లేచి వెళ్లిపోతుంది. పది నిమిషాల్లో తేలిపోయింది. మళ్లీ రాదు. రావలసిన అవసరమే లేదు. ఒక్కొక్కరూ ఇలా పది నిమిషాల్లో తేలికపడి వెళ్లిపోతుంటే మీ ముఖమల్ గుడ్డ ఖర్చు ఎప్పటికి రావాలి?

కాబట్టి మీరు ఇలా చదవండి. హ్యాంగ్డ్ మ్యాన్ మీద వేలు పెట్టి కాసేపు మాట్లాడకండి. నిట్టూర్చండి. "చూశావా పిన్నీ, మీవాణ్ణి ఎవరో కట్టేశారు." ఆవిడ గుండె జారిపోతుంది. కత్తులు ఆరు గనక ఆరు మంగళవారాలు రమ్మనండి. మొదటి ముక్క సంగతి అసలెత్తకండి, ఆ కుర్రాడికి పనొచ్చు అని చెబితే ఆవిడకు ధైర్యం వస్తుంది. పడవను ప్రస్తావించారో, ఆవిడ నోట విశాఖపట్నం మాట వచ్చేస్తుంది.

భయపెట్టే ముక్కలు ఏవో ముందే తెలిసుండాలి. డెత్, టవర్, టెన్ ఆఫ్ స్వోర్డ్స్, త్రీ ఆఫ్ స్వోర్డ్స్. డెత్ ముక్క నంబరు 13. తెల్ల గుర్రమెక్కిన అస్థిపంజరం, కింద రాజు పడి ఉంటాడు. వెనక రెండు బురుజుల మధ్య సూర్యుడు కూడా ఉంటాడు, దాని మీద మీ బొటనవేలు ఉంచండి, కనపడకూడదు. టారో చెప్పే మర్యాదస్తులందరూ ఇది చావు కాదు, ఒక దశ ముగిసి ఇంకోటి మొదలవడం అంటారు. రిటైర్మెంటుకు మూడు నెలలున్న మనిషికి ఆ మాట చెబితే ఎంత ఊరటో ఆలోచించండి. ఊరటకు ఎవరైనా డబ్బులిస్తారా?

టవర్ నంబరు 16. పిడుగు పడి బురుజు పైకప్పు ఎగిరిపోతుంటుంది, మంటల్లోంచి ఇద్దరు తలకిందులుగా పడిపోతుంటారు. వేరే ఊళ్లో ఇదొక బొమ్మ. భిలాయిలో దీని ధర వేరు. 2014 జూన్‌లో ప్లాంటులో గ్యాస్ లీకై ఆరుగురు పోయారు. 2018 అక్టోబర్ 9న కోక్ ఓవెన్ల వైపు గ్యాస్ పైపులైను దగ్గర మంట లేచింది, కాలిపోయినవాళ్లతో సెక్టార్ 9 ఆసుపత్రి నిండింది. ఆ రోజు ఏ ఇంట్లో ఫోన్ మోగినా ఎత్తడానికి చేతులు వణికాయి. ఊరు మరచిపోలేదు. మరచిపోలేదు గనకే టవర్ ముక్క ఇక్కడ బాగా పలుకుతుంది. భర్త నైట్ షిఫ్టుకు వెళ్లబోతున్న ఇల్లాలి ముందు దాన్ని తిప్పి పెట్టండి, చాలు. శాంతికి ఎంతవుతుందని ఆమే అడుగుతుంది. ఆ రాత్రి ఆమె నిద్రపోదు, మర్నాడు పొద్దున్న ఆయన సైకిలు చప్పుడు వినేదాకా గుమ్మంలోనే కూర్చుంటుంది. అదంతా మీరు చూడక్కర్లేదు, మీ కన్సల్టేషన్ టైము సాయంత్రం ఏడింటికే అయిపోయింది కదా.

కొత్తవాళ్లకు ఉండే పెద్ద బెంగ, "నాకు ఏమీ కనపడకపోతే ఏం చెప్పాలి" అని. 1948లో అమెరికాలో బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజీ మాస్టారు మీ కోసమే ఒక పని చేసి పెట్టాడు. 39 మంది విద్యార్థులకు ఒక పరీక్ష పెట్టాడు. వారం తర్వాత, ఇది నీ ఒక్కడి స్వభావం అంటూ తలా ఒక కాగితం ఇచ్చి, ఎంత బాగా కుదిరిందో 5కి మార్కులు వెయ్యమన్నాడు. సగటు 4.26 వచ్చింది. తీరా చూస్తే కాగితాలన్నిటిలో ఉన్నది ఒకటే రాత, అదీ అంగట్లో దొరికే జ్యోతిష్యం పుస్తకంలోంచి ఎత్తిరాసింది. మనుషులు ఇంత తేలిగ్గా నమ్ముతారు జాగ్రత్త అని చెప్పడానికి ఆయన ఆ పరీక్ష పెట్టాడు. మనం దాన్ని వంటపుస్తకంగా వాడుకోవాలి.

భిలాయి తెలుగువాళ్లకు సరిపడే మాటలు కొన్ని ఇస్తున్నాను, ఏ ముక్క పడినా చెప్పొచ్చు. "మీరు చేసినదానికి రావలసిన గుర్తింపు రాలేదు." ప్రమోషన్ పట్టికలో తన పేరు వెనకబడలేదనుకునే ఉద్యోగి ఈ ఊళ్లో లేడు. "సొంతూళ్లో ఒక స్థలం సంగతి తేలాల్సి ఉంది." అన్నదమ్ములున్న ప్రతివాడికీ తగులుతుంది. "మోకాలో నడుమో అప్పుడప్పుడు సలుపుతోంది." ముప్పై ఏళ్లు షిఫ్టులు తిరిగిన ఒంటికి ఇంతకన్నా పెద్ద జోస్యం ఏముంది? "మీకు రావలసిన డబ్బు ఒకటి ఎక్కడో ఆగిపోయింది" అంటే చాలు, 2017 జనవరి నుంచి లెక్క కట్టే ఆ 39 నెలల వేతన బకాయి సంగతి ఆయనే ఎత్తుతాడు, యూనియన్లను తిడతాడు, అరగంట గడిచిపోతుంది. బకాయి ఎప్పుడొస్తుందని అడిగితే వీల్ ఆఫ్ ఫార్చ్యూన్ చూపించండి. చక్రం తిరుగుతోంది అనండి. ఎటు తిరుగుతోందో మాత్రం చెప్పకండి.

మొహం చూడటం రాకపోతే నోరు వినండి. "నాను, ఏటి, ఎల్తాను" అంటే ఎటువైపువాళ్లో తెలిసిపోయింది. హిందీలో లెక్కపెట్టి తెలుగులో మాట్లాడుతుంటే ఇక్కడే పుట్టినవాళ్లు. చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు, చొక్కా జేబులో గేట్ పాస్ తాడు, మాట్లాడేటప్పుడు గట్టిగా అరిచే అలవాటు, ఇవన్నీ మిల్లుల హోరులో పనిచేసినవాళ్లకుంటాయి. ఇదంతా గమనించి, కళ్లు మూసుకుని, ముక్కలోంచి తీసినట్టు చెప్పాలి. నిజానికి ఇంత శ్రద్ధగా ఎదుటి మనిషిని చూసి, వాళ్లు చెప్పేది ఇంత ఓపిగ్గా వినేవాళ్లు ఈ ఊళ్లో ఇంకెక్కడా దొరకరు. అదొక్కటే మీ బల్ల మీద దొరికే అసలు సరుకు, దాన్ని ఉచితంగా ఇచ్చెయ్యకండి.

కాస్త చెయ్యి తిరిగాక కెల్టిక్ క్రాస్ పరవండి. పది ముక్కలు, గంట ఫీజు. వెయిట్ 1911 నాటి పుస్తకంలో దీన్ని పురాతన కెల్టిక్ పద్ధతి అన్నాడు. ఆ పురాతనత్వం మన ఈజిప్టుకు తోబుట్టువే. మొదటి ముక్క మనిషిని కమ్ముకున్నది, దానికి అడ్డంగా పెట్టిన రెండోది అడ్డుపడుతున్నది, ఆపైన చుట్టూ నాలుగు, కుడిపక్కన నిలువుగా నాలుగు. ఎనిమిదోది ఇల్లూ చుట్టూవున్నవాళ్లూ, తొమ్మిదోది ఆశలూ భయాలూ, పదోది చివరికి ఏమవుతుందో అది. ఆశకూ భయానికీ ఒకటే చోటు పెట్టారు చూశారా. కూతురు అమెరికా వెళ్లాలని ఆశ, వెళ్లిపోతుందేమోనని భయం, రెండూ ఒకే ముక్క. ఎవరో బాగా ఆలోచించి పెట్టినట్టుంది. మీరు దాని మీద సమయం వృథా చెయ్యకుండా నేరుగా పదోదానికి వెళ్లండి. అది బాగుంటే మళ్లీ వస్తారో రారో అనుమానం, అందుకని దాని మీద ఇంకో ముక్క వేసి "వివరణ" అనండి. అది బాగాలేదంటే పరిహారం. అదీ బాగుంటే మరొకటి వెయ్యండి, 78 ఉన్నాయి కదా.

పరిహారాల దగ్గర రెండు చట్టాలు అడ్డొస్తాయి, తెలిసుండటం మంచిది. రోగాలు మంత్రాలతో, తాయెత్తులతో కుదురుస్తామని ప్రకటన వెయ్యడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. రెండోది ఇక్కడిదే. మీ దగ్గరకొచ్చే ప్రశ్నల్లో నాలుగోవంతు చివరికి ఒకచోటే తేలతాయి: "ఇదంతా ఎవరు చేస్తున్నారు?" కోడలికి కడుపు నిలవట్లేదు, గేదె పాలివ్వట్లేదు, కొడుకు తాగుతున్నాడు. ఎవరు? ఆ క్షణంలో క్వీన్ ఆఫ్ స్వోర్డ్స్ పడిందనుకోండి. సింహాసనం మీద కత్తి నిటారుగా పట్టుకుని ఒంటరిగా కూర్చున్న ఆడమనిషి. పాత పుస్తకాలు ఈ ముక్కకు వైధవ్యం అని అర్థం రాశాయి, దుఃఖం చూసి గట్టిపడ్డ మనిషి అని. మీరు దుఃఖం వదిలేసి కత్తి పట్టుకోండి. పేరు చెప్పకండి. "ఒంటరి ఆడమనిషి, మీ ఇంటికి దగ్గర్లోనే" అనండి. పేరు వాళ్లే వేసుకుంటారు, అది ఎవరో వాళ్లకు ముందే తెలుసు.

ఇలా వేలు పెట్టి చూపించిన ఆడవాళ్లను కొట్టి, ఊరేగించి, చంపిన సంగతులు ఈ రాష్ట్రంలో ఇన్ని జరిగాయి గనకే ఛత్తీస్‌గఢ్ శాసనసభ 2005లో టోనహీ ప్రతాడన నివారణ చట్టం చేసింది. ఒకామెను టోనహీ అని, అంటే చేతబడి చేసేదని, చూపించడమే దాని ప్రకారం నేరం, జైలు. మీరు వేలు చూపించలేదు, ముక్క చూపించారు. ఈ తేడా జడ్జీగారికి నచ్చేట్టు చెప్పగల వకీలు దుర్గ్ కోర్టులో ఉన్నాడేమో బల్ల వెయ్యకముందే కనుక్కోండి. నాకు తెలిసినంతలో లేడు.

చెప్పింది జరగకపోతే? దానికి బెంగక్కర్లేదు. డిసెంబరులోగా అన్నారు, డిసెంబరు వెళ్లిపోయింది. ఏ డిసెంబరో మీరు చెప్పలేదు. కలిపేటప్పుడు ఆవిడ ఎడమచేత్తో కలపలేదు. ఇంట్లో ఎవరో నమ్మలేదు. బొమ్మ తలకిందులుగా పడిందని అప్పుడు చెప్పడం మరచిపోయారు. ఇవేవీ కుదరకపోతే, ముక్కలు హెచ్చరిక చేస్తాయి గానీ హామీ ఇవ్వవు అనండి. ఈ చివరి మాట నిజమే. మొదటి రోజే చెప్పి ఉండాల్సింది, ఫీజు తీసుకోకముందు.

నోటు పుస్తకం మాత్రం పెట్టకండి. నిజంగా నేర్చుకోవాలనుకునేవాళ్లకు అనుభవమున్నవాళ్లు మొదట చెప్పేది ఇదే: రోజుకొక్క ముక్క తియ్యి, తేదీ వెయ్యి, బొమ్మలో ముందు ఏది కంటపడిందో రెండు వాక్యాలు రాయి, రాత్రి పడుకునేముందు ఆ రోజు ఏం జరిగిందో దాని కిందే రాయి. మూడు నెలలు తిరిగేసరికి ఎన్నిసార్లు కుదిరిందో ఎన్నిసార్లు మీరే కుదుర్చుకున్నారో కళ్లముందుంటుంది. ఇది చాలా ప్రమాదం. ఈ ఊళ్లో తయారయ్యే రైలు పట్టా గేటు దాటేముందు అల్ట్రాసోనిక్ పరీక్షకు నిలబడుతుంది, లోపల వెంట్రుకంత పగులున్నా పక్కన పెట్టేస్తారు. మీ మాటను ఆ పరీక్షకు పెట్టుకున్నారంటే మీ బల్ల మీంచి రోజుకు ఒక్క మాట కూడా బయటికి వెళ్లదు.

వీడియోలు చేసేవాళ్లకు ఒక ముక్క. "ఈ వీడియో మీ కంటపడిందంటే ఇది మీ కోసమే" అని మొదలెట్టండి. ఎవరి కంటపడినా అది నిజమే.

చివరగా మీ సొంత సంగతి. మీ అబ్బాయి ఉద్యోగానికో అమ్మాయి పెళ్లికో మీరే ముక్కలు పరుచుకోకండి, మీ భయం మీకే పట్టుకుంటుంది. ఇంట్లో ఎవరికైనా ఛాతీలో నొప్పి వచ్చి, చెమటలు పట్టి, ఎడమ చెయ్యి లాగుతోందంటే అసలు ముక్కే తియ్యకండి. బండి తియ్యండి. సెక్టార్ 9 ఆసుపత్రిలో క్యాజువాలిటీ రాత్రీపగలూ తెరిచే ఉంటుంది. అదే నొప్పితో ఎవరైనా మీ బల్ల ముందుకు వచ్చి కూర్చుంటే వాళ్లకీ ఈ ఒక్క సలహా ఇవ్వండి, ఫీజు తీసుకోకుండా.